కిటికీ వైపు మూల

మూల మాస్టారు ఇక ఆడనని చెప్పి తన బిలియర్డ్స్ కర్రని, అదే క్యూని, బీరువా వెనక నిలబెట్టేసిన రోజు ఇల్లంతా చావు కబురు విన్నట్టు మూగబోయింది. ఇల్లంతా అంటే ఎంతమంది కనక, ఆయనా ఆయన కూతురూ. ఇద్దరూ కంచాల ముందు కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తింటున్నారు.

“చెయ్యి పోయిందమ్మా,” అన్నాడాయన చివరికి. “కన్ను పోతే కళ్ళజోడు పెట్టుకుంటాం. చెయ్యి పోతే ఏం పెట్టుకుంటాం? ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళి హాల్లో గోడకి తగిలించేస్తా. ఒకప్పుడు ఇది ఫలానావాడి క్యూ అని చెప్పుకుంటారు, చాలు.”

కూతురు ముద్ద కలుపుతూ తల వంచుకుంది. ఆయన చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి ఆ ఊరు మొత్తంలో ఆమెకొక్కదానికే తెలుసు. పోయింది వేరే ఇంకొకటి, దాన్ని పోగొట్టింది స్వయానా ఆమే. పైగా ఎంతో శ్రద్ధగా, ఎవరూ వంక పెట్టలేనంత నీటుగా పోగొట్టింది.

ఆ హాలు మాస్టారి చెల్లెలిది. బట్టల కొట్టు పక్క సందులోంచి చెక్కమెట్లు ఎక్కితే పై అంతస్తులో ఉంటుంది. ఒకే ఒక్క బిలియర్డ్స్ బల్ల, గోడవారన రెండు బెంచీలు, పక్కన టీ కౌంటరు, కౌంటరు వెనక చెల్లెలు. సాయంత్రమయ్యేసరికి టైలరు, మందుల షాపాయన, రోజూ వచ్చే మిగతావాళ్ళు రోజూ కూర్చునే చోటనే కూర్చుంటారు. వాళ్ళలో పెద్దదిక్కు మూల మాస్టారు.

మాస్టారు అన్నారని ఏ బడిలోనో పాఠాలు చెప్పాడనుకునేరు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషాయన. కిటికీ వైపు మూలలో ఉన్న పాకెట్లో బంతి వేయడంలో ఆయనకు సాటి లేదు గనక ఆ పేరొచ్చింది. అదీ గట్టిగా కొట్టి కాదు. క్యూతో అలా చిన్నగా తాకిస్తాడు. బంతి పాకెట్ వైపు కాకుండా, జానెడు పక్కకి, కిటికీకి ఎదుటి గోడ వైపుగా బయల్దేరుతుంది. చూసేవాళ్ళు అయ్యో తప్పిందనుకుంటారు. అది మాత్రం ఏ తొందరా లేకుండా మెల్లగా దారి మళ్ళి, కిటికీ వైపు ఒరిగి, పాకెట్ అంచున ఒక్క క్షణం ఆగి, లోపలికి దిగుతుంది. దానికాయన ‘కొత్త అల్లుడి నడక’ అని పేరు పెట్టాడు. ఎంత ఆలస్యమైనా లోపల తనకోసం ఎదురుచూస్తున్నారని తెలిసినవాడి నడక అన్నమాట. బయటి హాళ్ళ నుంచి వచ్చిన మొనగాళ్ళు ఎంతమందో ఆ నడక చూసి నోళ్ళు వెళ్ళబెట్టి, ఓడిపోయి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఆట ఒక ఎత్తు, ఆట అయ్యాక ఆయన చెప్పే కబుర్లు ఒక ఎత్తు. ఈ ఆట మొదట్లో పచ్చిక మీద ఆడేవారట. వానలకి విసిగిపోయి ఎవరో దొరలు దాన్ని ఇంట్లోకి తెచ్చి బల్ల మీదికి ఎక్కించారట. పచ్చిక మీద బెంగ తీరక బల్లకి ఆకుపచ్చ బనాతు గుడ్డ కప్పారట. అప్పట్లో క్యూ లేదు, చివర దిమ్మ ఉన్న కర్రతో బంతిని తోసేవారు. బంతి అంచుకి ఆనుకుంటే దిమ్మ పట్టేది కాదు. అప్పుడొక బుద్ధిమంతుడు కర్రని తిరగేసి తోకతో పొడిచాడు. ఆ తోకే పోను పోను క్యూ అయి కూర్చుంది. ఆడవాళ్ళ చేతికి మాత్రం చాలాకాలం తోక ఇవ్వలేదట, బనాతు చింపేస్తారని భయం. ఇక్కడికి వచ్చేసరికి మాస్టారు ఛాతీ విరుచుకునేవాడు. “మా ఇంట్లో చూడండి, బనాతు వేసేదే ఆడపిల్ల!”

అన్నిటికన్నా ఆయనకిష్టమైనది దంతపు బంతుల కథ. ఏనుగు దంతంతో చేసిన బంతికి ఎక్కడో ఒక పక్క బరువుంటుందట. చెమ్మకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది, ఒక్కో బంతికి ఒక్కో తిక్క. పాతకాలం ఆటగాళ్ళకి ఆ తిక్కలన్నీ కంఠతా వచ్చు. అలాంటిది ఫ్యాక్టరీ బంతులొచ్చాయి, ఏ పక్క చూసినా ఒకే బరువు, ఒకే గుండ్రం. పెద్ద పెద్ద ఆటగాళ్ళు మా ఆట పోయిందని లబోదిబోమన్నారట. కొందరు క్యూలు గోడకి తగిలించేశారట. “బంతి గుండ్రంగా ఉందని ఏడ్చిన మహానుభావులు!” అని మాస్టారు పగలబడి నవ్వేవాడు. ఇందులో నిజమెంతో కోత ఎంతో అడిగే సాహసం ఎవరూ చేసేవాళ్ళు కాదు. అడిగితే ఇంకో కథ మొదలవుతుందని భయం.

కూతురు ఆ కథలు వింటూనే పెరిగింది. చిన్నప్పుడు, బల్ల ఎత్తు అందక పీట వేసుకుని నిలబడే వయసులో, ఒకసారి తండ్రి బల్ల మధ్య చుక్క మీద బంతి పెట్టి, కిటికీ మూలలో వెయ్యమన్నాడు. పిల్ల ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి, పాకెట్ మధ్యకి గురి చూసి కొట్టింది. బంతి పాకెట్ ఇంకా ముందుందనగానే కిటికీ వైపు అంచుకి కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అంతే. ముచ్చటగా మూడోసారి కూడా అక్కడికే పోయేసరికి తండ్రి ఆమె చేతిలోంచి క్యూ మెల్లగా తీసేసుకున్నాడు. “నీకు గురి లేదు తల్లీ. కొందరికి ఉండదు. దానికేం, బాధపడకు,” అన్నాడు. కసిరినా బాగుండేది. అంత ప్రేమగా అనడంతో అది మనసులో ముల్లులా దిగిపోయింది.

ఆడటం రాకపోతేనేం, ఆ పిల్లకి బల్ల మీద మాత్రం మనసు పోలేదు. పెద్దయ్యాక బల్లలు బిగించే ఒక పెద్దాయన దగ్గర చేరి పని నేర్చుకుంది. ఇప్పుడు క్లబ్బులవాళ్ళూ హాళ్ళవాళ్ళూ కబురుపెట్టి పిలిపించుకునే మేస్త్రి ఆమె. నోరు కూడా మేస్త్రి నోరే, ముక్కుసూటి వ్యవహారం. అలాంటి మనిషి తండ్రి దగ్గరికి వచ్చేసరికి నోరు కుట్టేసుకుని కూర్చోవడానికి కారణం ఆ బల్లే.

అత్తయ్య హాల్లో బనాతు చిరిగిపోయిందని కబురొచ్చినప్పుడు ఆమె ఎగిరి గంతేసింది. ఎంతమంది బల్లల్నో బాగుచేసింది కాని, తను పుట్టి పెరిగిన బల్లని ఎప్పుడూ విప్పలేదు. హాలు మూసి, పాత బనాతు ఒలిచేసింది. కింద బరువైన పలకరాళ్ళు బయటపడ్డాయి. పలకల మధ్య సందుల్లో పాత తేనెమైనం ఎండి పొట్టులా రాలుతోంది. అలవాటు కొద్దీ రాయి మీద రసమట్టం పెట్టింది. లోపలి బుడగ గోడ వైపుకి పరిగెత్తింది. పరికరంలో తేడా ఉందేమోనని దాన్ని తిప్పి పెట్టింది. బుడగ మళ్ళీ గోడ వైపుకే పోయింది. అంటే బల్ల కిటికీ వైపుకి ఒరిగి ఉంది. ఆ రాళ్ళ బరువుకి పాత నేల కొంచెం కొంచెంగా కుంగింది, నేలతో పాటు బల్లా కుంగింది. రోజూ చూసే పిల్ల ఎదుగుదల ఇంట్లోవాళ్ళకి తెలియనట్టే ఇదీ ఎవరికీ తెలియలేదు.

ఒరిగిన బల్లని చూస్తే మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? కిటికీ వైపు కాళ్ళ పక్కన జాకీలు పెట్టి లేపి, కాళ్ళ కింద గట్టి చెక్కబిళ్ళలు దూర్చింది. బుడగ గీతల మధ్య బుద్ధిగా నిలబడేదాకా సవరించింది. సందుల్లో కొత్త మైనం కాచి పోసింది, కొత్త బనాతు లాగి బిగించింది, ముడత లేకుండా ఇస్త్రీ చేసింది. అంతా అయ్యాక ఒక బంతిని మెల్లగా దొర్లించి చూసింది. గీత గీసినట్టు వెళ్ళింది. ఆ సంబరంలో ఆమెకు కొత్త అల్లుడు గాని, కన్నతండ్రి గాని గుర్తురాలేదు.

మర్నాటి నుంచి మొదలైంది అసలు తమాషా. మూల మాస్టారు తన పేరున్న దెబ్బ కొట్టాడు. బంతి ఎప్పట్లాగే గోడ వైపుగా బయల్దేరి, ఎప్పటిలా దారి మళ్ళకుండా, నేరుగా పోయి చివరి అంచుకి కొట్టుకుంది. ఆయన దగ్గి, గాలి అన్నాడు. చెల్లెలు లేచి కిటికీ వేసింది. మళ్ళీ అంతే. టైలరు ఆడితే అంతే. మందుల షాపాయన ఆడినా అంతే. అయితే ఆ హాల్లో ఒకరి తప్పు ఒకరు చూసే తీరిక ఎవరికీ లేదు. ఎవరి తప్పు వాళ్ళు దాచుకోవడంలో మునిగిపోయారు. టైలరు సూదిలో దారం ఎక్కించడానికి కూడా పెట్టుకోని కళ్ళజోడు ఆట కోసం చేయించుకుని జేబులో దాచాడు. మందుల షాపాయన తన షాపులోని బలం టానిక్కు తనే తాగడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు కేకలతో దద్దరిల్లే హాలు, తేలు కుట్టిన దొంగల సభలా తయారైంది. ముసలితనం అంటే మిగతావాళ్ళకి రాకుండా తమ ఒక్కరికే వచ్చిందనుకున్నారు పాపం.

ఒక సాయంత్రం కూతురు బెంచీ మీద కూర్చుని చూసింది. ముగ్గురి బంతులూ పాకెట్‌కి ఒకే పక్కన, దాదాపు ఒకే చోట కొట్టుకుంటున్నాయి. విషయం అర్థమైపోయింది, అందరూ తను తీసేసిన ఒంపుని లెక్కవేసుకునే కొడుతున్నారు. తండ్రి ముఖం చూస్తే మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. ఏమని చెప్తుంది? నీ చేతికేం కాలేదు నాన్నా, నీ గొప్పదనమంతా ఇన్నాళ్ళూ బల్ల ఒంపుదేనని చెప్పాలా? చెయ్యి ముసలిదైందని అనుకోవడం ఒక దుఃఖం. అసలు ఆ చెయ్యి ఎన్నడూ అంత గొప్పది కాదని తెలియడం ఇంకా పెద్ద దుఃఖం. రెంటిలో ఏది తండ్రికి ఇవ్వాలో తేల్చుకోలేక ఆమె రోజులు దొర్లించింది. ఈలోగా క్యూ బీరువా వెనక్కి చేరింది.

శనివారం మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి అత్తయ్యకి అంతా చెప్పేసింది. అత్తయ్య చేతిలో గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

“ఓసి నీ మేస్త్రీతనం మండా! నిన్ను గుడ్డ మార్చమన్నానా, బల్ల బాగుచెయ్యమన్నానా?”

“బల్ల వంకరగా ఉంటే ఎలా వదిలేస్తానత్తయ్యా?”

“వంకరగా ఉంటే నీకేం కష్టమొచ్చిందే? దాని మీద నలుగురు నవ్వుతూ బతుకుతున్నారు.” అత్తయ్య గ్లాసు బోర్లించి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. “ఇలా చూడు. ఆ చెక్కలు తీసెయ్. మీ నాన్న రాకముందే రేపు పొద్దున వచ్చి తీసెయ్. అన్నయ్య గోడకి తగిలించే ముందు ఒక్కసారి కొట్టి చూడమంటాను. బంతి పడుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు చెప్పవు, నేను చెప్పను.”

ఇంటికి వెళ్ళాక కూడా కూతురికి అత్తయ్య మాటే చెవిలో జోరీగలా తిరిగింది. ఆదివారం పొద్దున తండ్రి గడ్డం గీసుకుంటూండగా సంచీ భుజాన వేసుకుని ఇంట్లోంచి జారుకుంది.

అత్తయ్య తలుపు తీసి కౌంటరు వెనక్కి వెళ్ళాక, హాల్లో జాకీ బిగించి, బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకుంది. కిటికీ వైపు కాలి దగ్గర చెక్కబిళ్ళ మీద చెయ్యి వేసింది. కొంచెం కదిలిస్తే వచ్చేస్తుంది. తండ్రి నవ్వుతాడు, రేపటి నుంచి కబుర్లు చెప్తాడు, బీరువా వెనక ఖాళీ అవుతుంది. చెక్క కదిలింది కూడా. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. తండ్రి, ఆయన వెనక టైలరు, మందుల షాపాయన. గోడకి తగిలించే వేడుక చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ ఇద్దరే. బల్ల కింది నుంచి ఆమెకు తండ్రి చెప్పులు, క్యూ మొదలు కనిపించాయి. గోడ దగ్గరికి వెళ్ళి ఆయన మేకు ఎక్కడ కొట్టాలో చేత్తో తడుముతున్నాడు.

“ఇక్కడ కొడదామా చెల్లెమ్మా? మరీ ఎత్తులో వద్దు. ఎప్పుడైనా ముట్టుకోవాలనిపిస్తే అందాలి.”

ఆ మాట వినగానే కూతురు చెక్క లాగడం మానేసింది. చెక్కబిళ్ళను తిరిగి లోపలికి గట్టిగా తోసేసి, జాకీ దించి, బల్ల కింది నుంచి పాకుతూ బయటికొచ్చింది. జుట్టు నిండా దుమ్ము. వచ్చిన ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

“నాన్నా, మేకు కొట్టకు. నీ చెయ్యి పోలేదు. బల్ల ఒంపు పోయింది. నేనే తీసేశాను.”

ఇక్కడ ఆగితే మళ్ళీ నోరు పెగలదని భయం వేసి అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. నేల కుంగడం, బుడగ పరిగెత్తడం, చెక్కబిళ్ళలు, ఇప్పుడు వాటిని తీసెయ్యబోవడం కూడా. అత్తయ్య కౌంటరు వెనక తల పట్టుకుంది.

మొదట నోరు విప్పినవాడు టైలరు. “అయితే నా కళ్ళు బాగానే ఉన్నట్టా?” అని జేబులోంచి కళ్ళజోడు తీసి, దాన్నెప్పుడూ చూడనట్టు చూశాడు. మందుల షాపాయన, “నేను సీసాలకి సీసాలు తాగానయ్యా,” అని బెంచీ మీద కూలబడ్డాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పొట్టలు చెక్కలయ్యేలా నవ్వడం మొదలుపెట్టారు.

మాస్టారు నవ్వలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి.

“అంటే ఏమంటావ్? ఇన్నేళ్ళూ ఆడింది నేను కాదు, నేలా? వచ్చినవాళ్ళందర్నీ ఓడించింది కుంగిపోయిన నేలా?”

“ఆ ఒంపు మీద అందరూ ఆడారు నాన్నా. దాన్ని నీలా పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. కంటికి కనిపించని వాలుని క్యూ కొసతో కొలిచావు. అది నేల చేసిందా?” ఆమె ఒక అడుగు ముందుకేసింది. “బంతి గుండ్రంగా ఉందని ఏడ్చినవాళ్ళని చూసి నవ్వేవాడివి. ఇప్పుడు బల్ల చదునుగా ఉందని క్యూ గోడకి తగిలిస్తావా?”

టైలరు నవ్వు సగంలో మింగేశాడు. మాస్టారు క్యూ చేత్తో పట్టుకునే బల్ల వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా వచ్చి, ఒక బంతి తీసి మధ్య చుక్క మీద పెట్టి, దాని వెనక తెల్లబంతి పెట్టాడు. తన క్యూ, నీలం చాక్ ముక్క కూతురి చేతికిచ్చాడు.

“చదునని చెప్తున్నావు కదా. వెయ్యి, కిటికీ మూలలో.”

ఎన్ని బల్లలు బిగించినా, చిన్నప్పటి ఆ రోజు తర్వాత ఆమె ఏ బల్ల మీదా ఎవరి ముందూ బంతి కొట్టలేదు. కొస జారకుండా క్యూకి చాక్ రాసి, వంగి, ఒక కన్ను మూసింది. నాలుక తనకు తెలియకుండానే బయటికొచ్చింది. వేరే లెక్కలేవీ ఆమెకి రావు. వచ్చిందల్లా ఒకటే, పాకెట్ మధ్యకి సూటిగా కొట్టడం. అలాగే కొట్టింది. తెల్లబంతి ముందు బంతిని తాకింది. అది మెల్లగా దొర్లుకుంటూ, ఎటూ ఒరగకుండా వెళ్ళి, కిటికీ వైపు మూలలో పడిపోయింది.

టైలరు ఈల వేశాడు. అత్తయ్య చేతులు రెండూ నోటి మీద పెట్టుకుంది. మాస్టారు పాకెట్ దగ్గరికి నడిచి వెళ్ళి, వలలోంచి బంతి తీసి, అరచేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఏదో జ్ఞాపకం వస్తున్నట్టు ఆయన కళ్ళు చిన్నవయ్యాయి.

“చిన్నప్పుడు కూడా నువ్వు ఇలాగే కొట్టావు కదూ. పీట మీద నిలబడి.”

“ఇలాగే కొట్టాను నాన్నా.”

“సూటిగా.”

“సూటిగానే.”

ఆయన బంతిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “నీకు గురి లేదన్నాను,” అన్నాడు చివరికి, ఎంతో చిన్నగా. “నీకు ఉన్నదల్లా గురేనమ్మా. నాకే తెలీలేదు.” కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, ఆ చేతికి నీలం చాక్ అంటి ఉందని చూసుకోక, కన్ను చుట్టూ నీలంగా పూసుకున్నాడు. కూతురు ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. ఏళ్ళ తరబడి గుచ్చుకుంటున్న ముల్లు ఎప్పుడు ఊడి పడిందో ఆమెకే తెలియలేదు.

“సరే, నవ్వింది చాలు,” అన్నాడు మాస్టారు, గొంతు సవరించుకుని. “చెల్లెమ్మా, ఆ మేకు లోపల పెట్టెయ్. అందరికీ టీ పొయ్యి. అమ్మాయ్, ఇటు రా. ఎక్కడ నిలబడాలో చెప్పు. ఈ సూటిగా కొట్టడం ఏమిటో నాకూ చూపించు.”

ఆమె పక్కన నిలబడి తండ్రి మోచెయ్యి సర్ది, పాకెట్ మధ్యకి చూడమంది. ఆయన చూశాడు. కానీ ఇన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, చివరి క్షణంలో క్యూ కొస తనంతట తనే గోడ వైపుకి జరిగింది. బంతి జానెడు దూరంలో అంచుకి కొట్టుకుంది. టైలరు నవ్వబోయి మాస్టారి నీలం కన్ను చూసి మానుకున్నాడు.

ఇలాంటి చోట, చిన్నప్పుడు, ఆమె చేతిలోంచి క్యూ తీసేసుకున్నారు. అప్పుడు తను వినాలని ఆశపడి వినలేకపోయిన మాట ఆమెకు బాగా గుర్తుంది.

“మళ్ళీ పెట్టు నాన్నా,” అంది.

ఆయన మళ్ళీ పెట్టాడు. ఈసారి బంతి పాకెట్ అంచుకి తగిలి, లోపలికి వెళ్ళాలా వద్దా అని ఊగి, బయటే ఆగిపోయింది. ఆమె నోరు తెరిచే లోపే మాస్టారు గబగబా వెళ్ళి బంతి తెచ్చి చుక్క మీద పెట్టాడు.